చైనీస్ ఉచ్చారణకు రోజూ పావుగంట: ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేసుకోవాలి

హనుమకొండ, వరంగల్ వైపు చైనీస్ నేర్చుకునేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు. ఎంబీబీఎస్ కోసం చైనా వెళ్లే పిల్లలు మొదటి రకం. అక్కడ క్లాసులు ఇంగ్లిషులో జరిగినా, వార్డులోకి అడుగుపెట్టాక రోగి మాట్లాడేది చైనీసే. రెండో రకం ఎనుమాముల మార్కెట్ చుట్టూ మిర్చి వ్యాపారంలో ఉన్న కుర్రాళ్లు. తేజ మిర్చికి చైనాలో గిరాకీ ఉంది కాబట్టి, అవతలి మనిషితో ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడగలిగితే బేరంలో పట్టు దొరుకుతుందని వాళ్ల ఆశ. ఇద్దరికీ లిపి కంటే ముందు నోరు తిరగాలి. ఇద్దరూ చేసే తప్పులు కూడా దాదాపు ఒకటే.

ఆ తప్పుల్లో సగానికి మూలం పిన్‌యిన్‌ను చదివే తీరులో ఉందని నా అభిప్రాయం. పిన్‌యిన్ అంటే చైనీస్ ఉచ్చారణను ఇంగ్లిషు అక్షరాలతో రాసే పద్ధతి. చైనా దీన్ని 1958 ఫిబ్రవరిలో అధికారికంగా ఆమోదించింది. అక్షరాలు ఇంగ్లిషువే అయినా శబ్దాలు ఇంగ్లిషువి కావు. మనం మాత్రం బీ కనిపిస్తే 'బ' అని, డీ కనిపిస్తే 'డ' అని చదివేస్తాం. నిజానికి పిన్‌యిన్ బీ మన 'ప'కు, డీ మన 'త'కు, జీ మన 'క'కు దగ్గర. మనం బీజింగ్ అనే ఊరిని వాళ్లు 'పెయ్ చింగ్' అంటారు. ఇంగ్లిషును పక్కన పెట్టి తెలుగు అక్షరమాలతో చూస్తే చైనీస్ హల్లుల్లో చాలావరకు మన నోటికి తెలిసినవే.

ఇక్కడ చైనీస్ మాటలను తెలుగు లిపిలో రాసి, పక్కన టోన్ అంకె వేశాను. టోన్ అంటే అక్షరాన్ని పలికేటప్పుడు గొంతు ఎత్తు నడిచే తీరు, అది మారితే మాట అర్థమే మారిపోతుంది. 1 ఎత్తులో నిలకడగా ఉండేది, 2 పైకి లేచేది, 3 అడుగున ఉండేది, 4 పైనుంచి కిందికి పడేది. అంకె లేకపోతే తేలిక టోన్, అంటే పొట్టిగా, నొక్కకుండా అనేసేది.

ముందు, పావుగంటను ఎలా వాడాలి

మొదటి మూడు నిమిషాలు నోరు తెరవొద్దు. అయిదారు మాటల ఆడియో పెట్టుకుని వినండి, రెండోసారి వింటూ పెదవులు మూసి 'మ్మ్' అని ఆ రాగాన్ని మాత్రం పట్టండి. తర్వాత నాలుగు నిమిషాలు ఏదో ఒక హల్లుల జంట లేదా ఒక అచ్చు. ఆ పైన అయిదు నిమిషాలు టోన్ల జంటలు. చివరి మూడు నిమిషాల్లో ఒకే ఒక వాక్యాన్ని ఫోన్లో రికార్డు చేసి, అసలు ఆడియో ఒకసారి, మీది ఒకసారి, మార్చి మార్చి వినాలి.

చాలామంది రికార్డు చేస్తారు కానీ వినరు. మన గొంతు మనకే వింతగా అనిపించి సిగ్గేస్తుంది. ఆ సిగ్గు పోయేదాకా ఈ మూడు నిమిషాలను మాత్రం వదలకండి. మిగతావాటిలో ఏది తగ్గించినా నష్టం తక్కువే. ఆడియో కోసం హెచ్‌ఎస్‌కే (చైనీస్ భాషా పరీక్ష) పుస్తకాలతో వచ్చేది చాలు. విడి మాటలకు ప్లెకో నిఘంటువు యాప్, ఫర్వో సైటు ఉన్నాయి.

విడిగా అంటే టోన్ వస్తోంది, మాటలో పెడితే పోతోంది

అందరూ మా1, మా2, మా3, మా4 అని నాలుగు మెట్లలా బట్టీ పడతారు. ఆ వరుసలో అంటే బాగానే వస్తుంది. మధ్యలోంచి ఒకటి తీసి అనమంటే తడబడతారు. అసలు మాట్లాడేటప్పుడు టోన్లు ఆ వరుసలో రావు కదా. చైనీస్ మాటల్లో ఎక్కువ భాగం రెండక్షరాలవి, కాబట్టి నోటికి అలవాటు కావాల్సింది జంట.

నాలుగు టోన్ల తర్వాత నాలుగు వస్తే పదహారు జంటలు, తేలిక టోన్‌తో ముగిసేవి మరో నాలుగు. మొత్తం ఇరవై. ఒక్కో జంటకు బాగా తెలిసిన మాట ఒకటి ఎంచుకుని దాన్నే కొలతగా పెట్టుకోండి. 1-1కు చిన్1 థియెన్1, ఈ రోజు. 2-1కు మింగ్2 థియెన్1, రేపు. 3-1కు పెయ్3 చింగ్1. 4-1కు మిర్చివాళ్లకు రోజూ పనికొచ్చే మాటే ఉంది: లా4 చియావ్1, మిరపకాయ. 4-4కు ౘాయ్4 చియెన్4, వెళ్లొస్తాను. 2-3కు నియొవ్2 నాయ్3, పాలు. ఇలా ఇరవై మాటల కార్డులు చేసుకుని, రోజూ కలిపి, పైనుంచి అయిదు తీయండి. కొత్త మాట ఎదురైనప్పుడల్లా 'ఇది మిరపకాయ రాగం' అని దాన్ని పాత మాటకు కట్టేయొచ్చు. వార్డులోకి వెళ్లేవాళ్లు మిరపకాయ తీసేసి మరేదైనా పెట్టుకోవచ్చు, రాగం అదే ఉండాలంతే.

దీని వెనక మన భాష తెచ్చే చిక్కు ఒకటి ఉంది. తెలుగులో అచ్చు నిడివి మారితే అర్థం మారుతుంది: పడు వేరు, పాడు వేరు. అందుకే టోన్ తేడా వినగానే మన చెవి దాన్ని నిడివి తేడాగా లెక్క వేస్తుంది. నాలుగో టోన్‌ను పొట్టిగా, మూడోదాన్ని బారుగా అంటూ, రెండింటినీ ఒకే ఎత్తులో ఉంచేస్తాం. విడిగా అన్నప్పుడు మూడో టోన్ కొంచెం పొడుగు, నాలుగోది కొంచెం పొట్టి అన్నది నిజమే. అందువల్ల చెవి ఇంకా మోసపోతుంది. దీన్ని పట్టుకోవాలంటే ఒక మాటను కావాలని రెండింతలు సాగదీసి అనండి. మిరపకాయను లా…ఆ4 చియా…ఆవ్1 అని సాగదీసినప్పుడు మొదటిది నిజంగా కిందికి జారుతోందా, రెండోది పైన నిలబడుతోందా? సాగదీస్తే దాక్కోవడానికి చోటుండదు.

టోన్లు మనకు బొత్తిగా కొత్తవి అనుకోనక్కర్లేదు. ఫోన్లో మాట వినబడకపోతే 'ఆఁ?' అంటారు చూడండి, అది రెండో టోన్. విసుగొచ్చి 'పో!' అంటే నాలుగోది. ఇష్టం లేని పనికి ఒప్పుకుంటూ గొంతు అడుగు నుంచి 'ఊఁ…' అంటే మూడోది. గొంతు చూస్తూ డాక్టరు 'ఆ అను' అన్నప్పుడు మీరు పట్టే 'ఆ…'ను కాస్త పైకి తీసుకుంటే మొదటిది. మొదటి వారం టోన్ల జంటలకు ముందు ఈ నాలుగూ ఒకసారి అనుకుంటే గొంతు దారిలో పడుతుంది.

మూడో టోన్ దగ్గర మాట ఆగి ఆగి నడుస్తోంది

చైనీస్ పుస్తకాల్లో మూడో టోన్‌ను కిందికి దిగి మళ్లీ పైకి లేచే గీతగా చూపిస్తారు. భాషాశాస్త్రవేత్త చావ్ యువెన్ రెన్ 1930లో ఇచ్చిన అయిదు మెట్ల కొలతలో (1 అట్టడుగు మెట్టు, 5 అన్నిటికంటే పైది) దాని లెక్క 2-1-4. అయితే అది మాటను విడిగా, నింపాదిగా అన్నప్పటి సంగతి. వెనక మరో అక్షరం వచ్చిందంటే లేవడం ఉండదు, 2-1తో అడుగునే ఉండిపోతుంది. నేర్చుకునేవాళ్లు ప్రతి మూడో టోన్‌నూ పూర్తిగా దించి, పూర్తిగా ఎత్తి, తర్వాతి అక్షరానికి వెళ్తారు. పెయ్3 చింగ్1 అనడానికి పెయ్ దగ్గరే ఒక మెలిక తిరుగుతుంది.

కాబట్టి మూడో టోన్‌ను 'దిగి లేచేది' అనుకోవడం మానేసి 'అడుగున ఉండేది' అనుకోండి. మీ గొంతులో హాయిగా పలికే అట్టడుగు ఎత్తు ఏదో చూసుకుని అక్కడే ఉంచండి. పెయ్3 చింగ్1లో మొదటిది నేలమీద, రెండోది అటకమీద. మధ్యలో మెట్లు లేవు.

రెండు మూడో టోన్లు పక్కపక్కన వస్తే మొదటిది రెండోదిగా మారుతుంది. అందరికీ తెలిసిన పలకరింపు నీ3 హావ్3 నోట్లో నీ2 హావ్3 అవుతుంది. పిన్‌యిన్‌లో మాత్రం ఈ మార్పును రాయరు, చదివేవాడే చేసుకోవాలి. వార్డులో మొదటి రోజు నుంచీ అవసరమయ్యే ప్రశ్న, 'ఎక్కడ నొప్పి?' అన్నది, రాతలో నీ3 నార్3 థఙ్2. మాటలో నీ2 నార్3 థఙ్2. చివరి మూడు నిమిషాల రికార్డుకు ఇంతకంటే మంచి వాక్యం దొరకదు: మూడో టోన్ మార్పు ఉంది, ఒత్తు థ ఉంది, చివర ఙ ఉంది.

'కాదు' అనే పూ4 కూడా ఇలాగే మారుతుంది. వెనక నాలుగో టోన్ వస్తే అది పూ2 అవుతుంది. 'ఒకటి' అనే యీ1 అయితే వెనక నాలుగు వస్తే యీ2, మిగతా మూడిట్లో ఏది వచ్చినా యీ4. ఈ సూత్రాలను బట్టీ పట్టడం నాకు నచ్చదు. వాడుకలో ఉన్న నాలుగైదు మాటలను రాగంతో సహా పట్టుకుంటే సూత్రం దానంతటదే వస్తుంది.

ప్రశ్న అడిగితే అమ్మడం కాస్తా ఇంకేదో అయిపోతోంది

కొనడం మాయ్3, అమ్మడం మాయ్4. వ్యాపారంలో ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. విడిగా అన్నప్పుడు తేడా చక్కగా చూపించే కుర్రాడే ప్రశ్న అడిగేసరికి తడబడతాడు.

'అమ్ముతావా?' అన్నప్పుడు మనం వాక్యం చివర గొంతు పైకి లేపుతాం. ఆ అలవాటుతోనే 'నీ3 మాయ్4?' అంటే, కిందికి పడాల్సిన మాయ్ పైకి లేస్తుంది, అవతలివాళ్లకు అది నాలుగో టోన్‌గా వినిపించదు. ప్రశ్న అని తెలపడానికి చైనీస్‌లో చివర తేలిక టోన్‌తో 'మా' చేరుస్తారు. నీ3 మాయ్4 మా. ప్రశ్న భారమంతా ఆ 'మా' మోస్తుంది కాబట్టి మాయ్‌ను నిశ్చింతగా కిందికి పడేయండి.

సాధన ఇలా: ఒకే వాక్యాన్ని ముందు మామూలు వాక్యంగా, తర్వాత 'మా' చేర్చి ప్రశ్నగా, వెంటవెంటనే రికార్డు చేయండి. రెండింటిలో మాయ్ ఒకేలా వినిపిస్తే పని అయినట్టే. కోపం, ఆశ్చర్యం, బతిమాలడం ఉన్నప్పుడు కూడా ఇదే చిక్కు. మొదటి రెండు నెలలూ వాక్యాలను భావం లేకుండా, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్ ఇచ్చినట్టు అనడమే మేలు. భావం తర్వాత దానంతటదే వస్తుంది.

కుందేలు అన్నా వాళ్లకు పొట్ట అనే వినిపిస్తోంది

పొట్ట తూ4 ౘ. కుందేలు థూ4 ౘ. టోన్ ఒకటే, తేడా అంతా ఒత్తులో ఉంది. పిన్‌యిన్‌లో మొదటిదాన్ని డీతో, రెండోదాన్ని టీతో రాస్తారు. మనవాళ్లు డీ చూసి 'డూ' అని, టీ చూసి 'టూ' అని అంటారు. చైనీయుల చెవికి ఊపిరి వదలని ఆ 'టూ' కూడా డీ లాగే వినిపిస్తుంది. ఎందుకంటే వాళ్ల చెవి వెతికేది శబ్దం తర్వాత బయటికొచ్చే ఊపిరిని. ఆ ఊపిరి లేకపోతే అది డీ కిందే లెక్క. పొట్ట గురించి అడగడానికి ఇబ్బంది రాదు కానీ ఒత్తు ఉన్న మాటలన్నీ పోతాయి: నొప్పి అనే థఙ్2, డబ్బు అనే ఛియెన్2, పరుగెత్తడం అనే ప్హావ్3. చివరిది ఒత్తు లేకుండా అంటే పావ్3, అంటే కడుపు నిండడం.

మన అక్షరమాలలో ఖ, ఛ, థ వరసగా ఉన్నాయి కదా, మరి ఇబ్బందెక్కడ? పుస్తకంలో ఉన్నాయి, నోట్లో లేవు. 'కథ'ను చాలామంది 'కత' అనే అంటాం. 'ఫ' సంగతి మరీ ఘోరం, 'ఫలం' అన్నా 'ఫలితం' అన్నా ఇంగ్లిషు ఎఫ్‌లా పైపళ్లు కింది పెదవికి తగిలిస్తాం. చైనీస్‌లో ఎఫ్ వేరే ఉంది. అన్నం మీ3 ఫాన్4, దానికి మన ఎఫ్ చాలు. పిన్‌యిన్ పీకి మాత్రం రెండు పెదవులూ మూసి, ప అని విడిచి, వెంటనే హ అని ఊదాలి. అందుకే ఇక్కడ ప్హ అని రాశాను.

ఈ చిక్కుకు ఆర్టీసీ బస్సు టికెట్ మంచి పనిముట్టు. మహాలక్ష్మి పథకం జీరో టికెట్ అయినా సరే, ఆ మెషిన్ కాగితం పల్చగా ఉంటుంది. పై కొసను వేళ్లతో పట్టుకుని, కింది కొస పెదవులకు రెండు వేళ్ల దూరంలో వేలాడేలా ఉంచండి. పా అంటే కాగితం కదలకూడదు. ప్హా అంటే ఎగరాలి. తా, థా. కా, ఖా. చీ, ఛీ. ఫ్యాన్ ఆపి చేయాలి, లేదంటే కాగితం మీరు ఏమన్నా ఎగురుతూనే ఉంటుంది. 'పా' అన్నప్పుడు కూడా కదిలితే చాలా గట్టిగా అంటున్నారని అర్థం, గొంతు తగ్గించండి. రోజూ ఒక్క జంటే, ఒక్కో వైపు పదిసార్లు. కాగితం మాట వినడం మొదలయ్యాక కళ్లు మూసుకుని, కాగితం బదులు అరచేయి పెట్టి ఊపిరి తెలుస్తోందా చూడండి.

టీని ట గా పలికే అలవాటు కూడా ఇక్కడే మానుకోవాలి. నాలుక పైకి మడవకుండా, పైపళ్ల వెనక తగిలించి 'థ' అనాలి.

స, శ, ష మూడూ ఒకటే అయిపోతున్నాయి

పిన్‌యిన్ ఎస్, ఎక్స్, ఎస్‌హెచ్. ఇంగ్లిషు నోటితో చదివితే ఎక్స్, ఎస్‌హెచ్ రెండూ ఒకటే. తెలుగు అక్షరమాల వైపు నుంచి చూస్తే మూడూ విడివిడిగా స, శ, ష. శంకరుడిని 'సంకరుడు' అనే ఊళ్లలో పెరిగినవాళ్లకు కూడా చిన్నప్పుడు తెలుగు సారు ఈ మూడింటి తేడా చెప్పే ఉంటారు, అప్పుడెవరూ పట్టించుకోలేదంతే.

శ కోసం నాలుక కొసను కింది పళ్ల వెనక ఆనించి, నడిమి భాగాన్ని అంగిలి వైపు లేపాలి. పెదవులు చిరునవ్వులో ఉన్నట్టు పక్కకు సాగాలి. ధన్యవాదాలు, శియె4 శియె. ష కోసం కొసను పైకి తిప్పాలి, 'ట' అన్నంత వెనక్కి మడవక్కర్లేదు. గురువు, లావ్3 ష్1. ఆ మాట చివర పిన్‌యిన్‌లో ఐ అక్షరం కనిపిస్తుంది, దాన్ని 'షీ' అని చదివితే తప్పు. ష్ అన్న నాలుకను అక్కడే ఉంచి గొంతు కలపాలి. అంతకంటే అచ్చు లేదు. ఎస్‌హెచ్, జెడ్‌హెచ్, సీహెచ్, ఆర్, జెడ్, సీ, ఎస్‌ల వెనక వచ్చే ఐ అంతా ఇదే తీరు.

మిగతా వరస కూడా ఇలాగే అమరుతుంది. జెడ్ అక్షరానికి 'జ' అనకండి. 'చాలా', 'చదువు' అన్నప్పుడు మన ఇళ్లలో వినిపించే చ ఉంది చూశారా, పాత పుస్తకాల్లో ౘ అని రాసేది, అచ్చంగా అదే. జే అక్షరం 'చీర', 'చేయి'లో ఉన్న చ. మనకు ౘ వచ్చేది అ, ఉ, ఒల ముందు, చ వచ్చేది ఇ, ఎల ముందు. చైనీస్‌లోనూ జే వెనక ఎప్పుడూ ఇ జాతి అచ్చే వస్తుంది, జెడ్ వెనక ఆ ఇ రాదు. కాబట్టి ఆలోచించకుండా తెలుగులో అన్నట్టు అనేస్తే చాలు. ఈ రెండింటికీ ఊపిరి చేరిస్తే సీ, క్యూ. జెడ్‌హెచ్ కోసం ష అన్న నాలుకతోనే 'ట్ష' అనాలి: చైనా దేశం, ట్షొంగ్1 కువొ2. దానికి ఊపిరి చేరిస్తే సీహెచ్.

ఈ మూడు వరసల్లో ష వరస కాస్త అటూ ఇటూ అయినా కంగారు పడొద్దు. దక్షిణ చైనాలో, సిచువాన్‌లో, తైవాన్‌లో చాలామంది ష, స తేడా పెద్దగా చూపించరు. ఒత్తు తప్పితే మాత్రం ఎవరూ క్షమించరు. సమయం తక్కువుంటే దాన్ని ముందు చక్కబెట్టుకోండి.

చేప అంటే 'యూ' అవుతోంది

చేప పిన్‌యిన్‌లో యూలా కనిపిస్తుంది, అసలు శబ్దం ఈ, ఊల కలయిక. 'ఈ…' అని సాగదీస్తూ, నాలుకను అంగుళం కూడా కదపకుండా, పెదవులను మాత్రం ఈల వేసేటట్టు గుండ్రంగా చుట్టండి. అద్దం ముందు చేస్తే త్వరగా వస్తుంది. జే, క్యూ, ఎక్స్, వైల వెనక యు కనిపిస్తే ప్రతిసారీ ఈ శబ్దమే, పైన చుక్కలు లేకపోయినా.

పిన్‌యిన్‌లో ఒంటరిగా వచ్చే ఇంగ్లిషు 'ఈ' (e) అక్షరం కూడా ఇలాంటిదే, తాగడం అనే మాటలో ఉన్నది. దాన్ని 'హె' అనకండి. 'ఓ' అంటూ పెదవుల గుండ్రదనాన్ని తీసేస్తే అది వస్తుంది.

మాట చివర ఏదో ఉకారం తగులుతోంది

బస్ మనకు బస్సు, కార్ మనకు కారు. హల్లుతో మాట ముగించడం తెలుగు నోటికి ఇష్టం ఉండదు. అందుకే కొండ అనే షాన్1 కాస్తా 'షాను' అయిపోతుంది, లేదా చివరి న్ గట్టిగా పలికి వదిలినట్టు వినిపిస్తుంది. న్ కోసం నాలుక కొస పైకి తగిలాక అక్కడే ఉంచేయాలి, విడవకూడదు. మాట అయిపోయి ఒక క్షణం గడిచేదాకా అతికించినట్టే ఉంచండి.

ఇక షాన్1 కొండ అయితే, షాఙ్1 గాయం. రెండోదాని చివర గ్ వినిపించకూడదు. 'గంగ' అనబోయి సున్నా దగ్గర ఆగిపోండి, గ దాకా వెళ్లొద్దు. ఆ ఆగిన చోటే ఙ. 'పంతులు' అనబోయి సున్నా దగ్గర ఆగితే న్. మన సున్నా పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది కాబట్టి ఈ రెండు చోట్లూ నాలుకకు తెలుసు. గం… పం… గం… పం… అని ఆగుతూ అనడమే కసరత్తు.

యాప్ శభాష్ అంటోంది, మనిషికి అర్థం కావడం లేదు

ఫోన్లో మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ చుట్టూ ఉన్న మాటలను బట్టి ఊహిస్తుంది. 'మిరపకాయ ధర ఎంత' అన్న వాక్యంలో టోన్లన్నీ తప్పినా సరైన అక్షరాలే రాసేస్తుంది. అది దాని గొప్ప, మీది కాదు. పరీక్షించాలనుకుంటే వాక్యం ఇవ్వకండి, మాయ్3 ఒక్కటే, మాయ్4 ఒక్కటే ఇచ్చి ఏది రాస్తుందో చూడండి. అప్పుడు కూడా దాని తీర్పును సగమే నమ్మాలి.

లాప్‌టాప్ ఉన్నవాళ్లకు ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంతకంటే నిజాయితీగా చెబుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసినది. మీ గొంతు ఎత్తును గీతగా చూపిస్తుంది. అసలు ఆడియో గీతను, మీ గీతను ఒకదాని కింద ఒకటి పెట్టండి. ఆకారం కలవాలి, ఎత్తు కలవనక్కర్లేదు. గీత ముక్కలుగా, అడ్డదిడ్డంగా వస్తే సెట్టింగులో గొంతు హద్దులు మార్చండి: మగ గొంతుకు 75 నుంచి 300 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100 నుంచి 500. అప్పటికీ బాగుపడకపోతే దోషం గదిలోని చప్పుడుది. సీలింగ్ ఫ్యాన్, కూలర్ తిరుగుతుంటే గీత చెడిపోతుంది. మే నెల వరంగల్‌లో ఫ్యాన్ ఆపి కూర్చోమని ఎవరినీ అనలేం కాబట్టి, ఎండాకాలం రికార్డు పనంతా పొద్దున ఆరులోపే పెట్టుకోవాలి. కాజీపేటలో పట్టాల పక్కన ఉండేవాళ్లు గూడ్స్ బండి వెళ్లిపోయేదాకా ఆగాల్సిందే.

పావుగంటకే గొంతు పట్టేస్తోంది

మొదటి టోన్ కోసం ఆడియోలోని అమ్మాయి గొంతు ఎత్తును అందుకోవాలని చూస్తున్నారన్నమాట. టోన్ ఎత్తు ఎవరి గొంతుకు వాళ్లదే. గదిలో అవతలి మూల ఉన్న మనిషిని పిలిచే ఎత్తు మీకు పైహద్దు, పొద్దున లేవగానే మాట్లాడే ఎత్తు కింది హద్దు. ఆ మధ్యలోనే నాలుగూ సర్దండి. వీలైతే మీలాంటి గొంతున్న మనిషి ఆడియో వెతుక్కోండి.

నాలుగు రోజులు చేసి ఆపేస్తున్నా

గంటసేపు చేస్తానని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువగా ఆపేస్తారు. మొదటిరోజు గంట, రెండోరోజు గంట, మూడోరోజు చుట్టాలొస్తారు, నాలుగోరోజు మానేస్తారు. పావుగంట అన్నది అందుకే. అదీ కుదరని రోజు చివరి మూడు నిమిషాల వాక్యం ఒక్కటి రికార్డు చేసి పడుకోండి.

సమయం కంటే చోటు పెద్ద అడ్డంకి. హనుమకొండలో ముగ్గురు నలుగురు కలిసి ఉండే గదుల్లో పిల్లలు నోరు తెరవడానికే మొహమాటపడతారు. ఇంట్లో అయితే బాపమ్మ ఊరుకోదు: "ఏంది బిడ్డా, పొద్దుగాల్నే పిల్లి లెక్క ఒర్రుతున్నవ్?" నవ్వుతారని గొంతు తగ్గించి గుసగుసగా చేస్తారు కొందరు. అదే అసలు నష్టం. గుసగుసలో గొంతు తీగలు కదలవు, అవి కదలకపోతే టోన్ పుట్టదు. కాగితం కసరత్తు, నాలుక చోట్లు గుసగుసగా చేయొచ్చు. టోన్లకు మాత్రం నిండు గొంతు కావాలి.

కాబట్టి పనిని రెండు చోట్లకు విడగొట్టండి. హల్లులు, అచ్చులు గదిలో అద్దం ముందు. టోన్లు బయట, నడుస్తూ. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున నడిచేవాళ్లలో సగం మంది ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతూనే ఉంటారు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మీరు మిరపకాయ, పాలు, రేపు, వెళ్లొస్తాను అని చైనీస్‌లో అంటూ పోతే ఎవరూ తల తిప్పి చూడరు.

వారాల లెక్క కూడా అతిగా పెట్టుకోవద్దు. ఒత్తులకు రెండు వారాలు, స-శ-ష వరసలకు రెండు, అచ్చులు, మాట చివరలకు ఒకటి చొప్పున, తర్వాత మళ్లీ మొదటికి. టోన్ల జంటలు మాత్రం ఏ వారమైనా ఉంటాయి. నెలకోసారి పాత రికార్డు, కొత్త రికార్డు పక్కపక్కన పెట్టి ఇంకొకరికి వినిపించండి, మీ చెవి మీ గొంతుకు అలవాటు పడిపోయి ఉంటుంది.

నా మాట వాళ్లకు అర్థమవుతోంది, వాళ్ల మాట నాకు అర్థం కావడం లేదు

పాఠాల ఆడియోలో వినిపించేది రేడియో అనౌన్సర్ల ఉచ్చారణ. రోగి గానీ, మార్కెట్లో దళారి గానీ అలా మాట్లాడరు. ష అనాల్సిన చోట స అంటారు. హునాన్, సిచువాన్ వైపు చాలామందికి న, ల కలిసిపోతాయి. పెద్దవాళ్లలో కొందరు తమ ప్రాంతపు మాటనే మాట్లాడతారు.

ఇక్కడ మీ ఉచ్చారణలో మార్చాల్సింది ఏమీ లేదు. మీరు నేర్చుకున్న పద్ధతిలోనే మాట్లాడండి, అది ఎక్కడైనా చెల్లుతుంది. మార్చాల్సింది మొదటి మూడు నిమిషాలను. వెళ్లబోయే ఊరు ఏ రాష్ట్రంలో ఉందో, లేదా మీ సరుకు కొనేవాళ్లు ఎక్కడివాళ్లో తెలుసుకుని, అక్కడి మనుషులు మామూలుగా మాట్లాడుకునే వీడియోలు వెతకండి. వారంలో నాలుగు రోజులు పాఠం ఆడియో, మూడు రోజులు ఆ వీడియోలు. అర్థం తెలియకపోయినా సరే, వాళ్లు ష ఎక్కడ వదిలేస్తున్నారో, న ఎక్కడ ల అవుతోందో పట్టడమే ఆ మూడు నిమిషాల్లో పని.